హార్మోన్ల తేడా అనిపిస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? ఆడవాళ్లకూ, మగవాళ్లకూ

నీరసం, ఉన్నట్టుండి బరువు పెరగడం, నెలసరి తప్పడం, జుట్టు రాలడం, మగవాళ్లలో కోరిక సన్నగిల్లడం. వీటిలో ఏది కనబడినా ఇప్పుడు ‘హార్మోన్ల ప్రాబ్లం’ అనేస్తున్నారు. ఆ పేరుతో ఒకే జబ్బంటూ ఏదీ లేదు. థైరాయిడ్ తగ్గడం వేరు, పీసీఓడీ (అండాలు సరిగా విడుదల కాక నెలసరి తప్పే సమస్య) వేరు, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తగ్గడం వేరు. ఇదే నీరసం రక్తం తక్కువైనా వస్తుంది, షుగర్ మొదలైనా వస్తుంది. ఏది పెరిగిందో ఏది తగ్గిందో తేలకముందే ‘హార్మోన్లను సరిచేసే’ పొడి డబ్బా కొంటే డబ్బు దండగే.

ముందు రాసిపెట్టుకోండి

డాక్టరు దగ్గర మనకు దొరికేది నాలుగు నిమిషాలు. అందుకే రెండు మూడు నెలల నెలసరి తేదీలు, బరువు, నడుము కొలత, నిద్ర వేళలు ఒక పుస్తకంలో రాసుకుని వెళ్లండి. పెద్దవాళ్లలో నెలసరి 21 నుంచి 35 రోజులకు వస్తుంటే మామూలే. మూడు నెలలు దాటినా రాకపోతే గర్భం ఉందేమో ముందు చూసుకుని, ఆ తర్వాత డాక్టరును కలవాలి.

వాడుతున్నవన్నీ రాయండి. మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన పేరులేని పొట్లాలు, జిమ్‌లో వేసిన ఇంజెక్షన్లు, జుట్టు కోసం మింగే బయోటిన్ మాత్ర, ఏదీ వదలొద్దు. ఆ పొట్లాల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది. అలాగని నెలల తరబడి వాడినదాన్ని ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ఆడవాళ్లు పాత కాన్పుల సంగతి కూడా చెప్పాలి. కాన్పులో రక్తం బాగా పోయి, ఆ తర్వాత పాలు పడక, నెలసరి తిరిగి రాక, ఏళ్ల తరబడి నీరసంగా ఉంటే మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథి దెబ్బతిని ఉండొచ్చు. దీన్ని షీహాన్ సిండ్రోమ్ అంటారు. ‘పిల్లలు పుట్టినాక అంతేలేమ్మా’ అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేసే లక్షణాలే ఇవి.

పరీక్షకు వేళాపాళా ఉంది

వేలు పోసి ‘ఫుల్ హార్మోన్ ప్యాకేజీ’ చేయించుకోవద్దు. చాలామందికి మొదట హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్ పనితీరు చూపే టీఎస్‌హెచ్ చాలు. మిగతావి డాక్టరు చూసి చెప్పినప్పుడే. టెస్టోస్టిరాన్‌కు పొద్దున 10 లోపల, పరగడుపున రక్తం ఇవ్వాలి. తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ చేయించాలి. ఆడవాళ్లకు అండాశయాల సంగతి చూసే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ లాంటివి మామూలుగా నెలసరి రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల చేస్తారు. బయోటిన్‌ను కనీసం రెండు రోజుల ముందు ఆపకపోతే థైరాయిడ్ రిపోర్టు తారుమారు కావచ్చు.

స్కానింగ్‌లో ‘నీటిబుడగలు’ కనబడగానే పీసీఓడీ అని హడలిపోవద్దు. నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ ఎక్కువైన గుర్తులు (గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు లేదా రక్తపరీక్షలో తేడా), స్కానింగ్. ఈ మూడింటిలో రెండు ఉండాలి, వేరే కారణాలు లేవని తేలాలి. పెద్దమనిషి అయి ఎనిమిదేళ్లు కాని ఆడపిల్లలకు స్కాన్‌ను లెక్కలోకి తీసుకోకూడదు.

పిల్లలు కలగకపోతే మన సీమలో ఇప్పటికీ కోడలినే ఆస్పత్రుల చుట్టూ తిప్పుతారు. వీర్యపరీక్ష చాలా సులువు, ఖర్చూ తక్కువ. మొదటి రోజే భర్తకూ చేయించండి. ఇంకో మాట అబ్బాయిలకు: బయటినుంచి ఎక్కించుకునే టెస్టోస్టిరాన్ వీర్యకణాల తయారీని అణిచేస్తుంది. ‘మగతనం’ కోసమని వేయించుకున్న ఇంజెక్షనే పిల్లలు కలగకపోవడానికి కారణమవుతుంది.

మందు అవసరమైతే

థైరాయిడ్ మాత్ర పొద్దున లేవగానే నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంటదాకా టీ, కాఫీ కూడా ముట్టొద్దు. ఐరన్, కాల్షియం మాత్రలకు దానికీ నాలుగు గంటలు ఎడం ఉండాలి. డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ టీఎస్‌హెచ్. గర్భం వచ్చిందని తెలిస్తే మాత్ర ఆపకూడదు, వెంటనే డాక్టరుకు చెప్పాలి. అప్పుడు డోసు పెంచాల్సి వస్తుంది. అశ్వగంధ వేసుకుంటుంటే ఆ మాటా దాచొద్దు, అది థైరాయిడ్ లెక్కల్ని మార్చగలదు.

తిండి, నడక, నిద్ర

ఇవి మందుకు తోడు, మందుకు బదులు కాదు. అయినా పీసీఓడీ ఉండి బరువు ఎక్కువైనవాళ్లకు 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి గాడిలో పడే అవకాశముంది. లావు వల్ల టెస్టోస్టిరాన్ తగ్గిన మగవాళ్లకూ బరువు తగ్గితే అది కొంత పెరుగుతుంది.

మన తిండి మంచిదే, కొలతే తప్పుతోంది. రాగిసంగటి ఆరోగ్యమని రెండు పెద్ద ముద్దలు, నంజుకోవడానికి ఇంత చెనిక్కాయల ఊరిమిండి (పచ్చడి) అంటే షుగర్ పెరగకుండా ఎలా ఉంటుంది? ముద్ద ఒకటి చాలు, పక్కన పప్పో, ఆకుకూరో, నాటుకోడి పులుసో నిండుగా ఉండాలి. కర్నూలు, అనంతపురాల్లో పొద్దున్నే ఉగ్గాని, బజ్జి లేకుంటే కొందరికి తెల్లారదు. ఉగ్గానిలోని బొరుగులు తొందరగా అరిగి చక్కెరగా మారతాయి, బజ్జి గురించి చెప్పేదేముంది. వారంలో ఒక రోజుకు పెట్టుకుని, మిగతా రోజులు జొన్నరొట్టె, పప్పు, ఉడికించిన గుడ్డు తినండి. నేను మాననని అంటే కనీసం బజ్జి తగ్గించి పప్పుల పొడి పెంచండి.

వారానికి 150 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండరాలకు పని. ఏప్రిల్, మే ఎండల్లో తెల్లవారుజామునే నడవాలి. నిద్ర ఏడు గంటలు. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యే మగవాళ్లు ఆ గురకనే ముందు చూపించుకోవాలి.

ఆలస్యం చేయకూడనివి

తలనొప్పితో పాటు చూపు పక్కల తగ్గడం, కాన్పు కాకుండానే రొమ్ముల నుంచి పాలు రావడం, కొద్ది నెలల్లోనే ఆడవాళ్లకు గొంతు బొంగురుపోయి మొహం మీద వెంట్రుకలు పెరగడం, ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడటం. వీటికి పుస్తకంలో రాసుకుంటూ కూర్చోవద్దు. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా పెద్ద ప్రభుత్వ ఆస్పత్రులున్నాయి. జనరల్ మెడిసిన్ ఓపీలోనో, గైనిక్ ఓపీలోనో చీటీ రాయించుకోండి. పాత రిపోర్టులు తేదీల వరుసలో పెట్టుకుని, మాత్రల అట్టలు కూడా సంచిలో వేసుకుని పోండి.