ఇంట్లోనే రిపేరు – 4వ పాఠం: వెలగని బేబీ మానిటర్, నమ్మించే 5 వోల్టులు

బేబీ మానిటర్ అంటే పాప ఏడుపుని పక్కగదిలో వినిపించే పెట్టె. దాని అడాప్టరు ఎన్ని వోల్టులు ఇస్తోందో మల్టీమీటరుతో కొలవడం పోయిన పాఠంలో చెప్పాను. అది చదివి మీటరు పట్టుకున్నవాళ్ళలో చాలామంది ఒకే మాట రాశారు: “అడాప్టరు 5.1 చూపిస్తోంది సార్, బాగానే ఉంది. పోయింది మానిటరే.” ఇద్దరైతే మానిటర్ విప్పేశారు కూడా. దయచేసి ఆ స్క్రూలు మళ్ళీ బిగించండి. కొలవడం నేర్పాను గానీ, ఆ కొలతని ఎంతవరకు నమ్మాలో చెప్పలేదు. ఈసారి అదే పాఠం.

ప్లగ్గూ స్విచ్చూ బాగున్నాయో లేదో మీరు ముందే చూసే ఉంటారు.

మీటరు అడాప్టరు నుంచి కరెంటు దాదాపు తీసుకోదు. నల్లా తిప్పగానే పైపులో నిలిచిన నీళ్ళు బుస్సున వస్తాయి, బిందె పెట్టేసరికి సన్నగిల్లుతాయి. లోపలి కెపాసిటర్ (కరెంటుని కాస్త నిలవ ఉంచి అందించే చిన్న భాగం) ఎండిపోయిన అడాప్టరూ అంతే. ఉత్తినే కొలిస్తే 5, మానిటర్ తగిలిస్తే చతికిలపడుతుంది. అడాప్టరు రాత్రింబవళ్ళు గోడకే ఉంటుంది, పైగా మన ఎండలు, అందుకే కెపాసిటర్ ఎండుతుంది.

మల్కాజిగిరిలో మా చెల్లెలింట్లో ప్లగ్గు పెట్టగానే పచ్చలైటు ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయేది. ఉత్తినే 5.08. లోడు, అంటే మానిటర్ లాగే కరెంటు లాగేదొకటి, పెట్టి కొలిస్తే 2.3! పాప ఏడ్చినా వినపడదేమోనని తను అప్పటికి మూడు రాత్రులు నిద్రపోలేదు.

ఇక్కడ లోడు అంటే హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే 10 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టరు, కరెంటుకి అడ్డుపడే చిన్న భాగం. గుండ్రటి పిన్ను అడాప్టరైతే స్క్రూలున్న డీసీ జాక్ ఒకటి కొని, రెసిస్టరు కాళ్ళు రెండూ అందులో బిగించండి. నాకు ఈ పద్ధతే ఇష్టం, చెయ్యి జారదు. మీటరు వైర్ల కొసనున్న ముళ్ళు ఆ స్క్రూల మీదే ఆనించండి. 5 వోల్టులు, 1 ఆంపియరు అని రాసి ఉన్న అడాప్టరు మీద ఇది అర ఆంపియరు లాగుతుంది. 4.75 కంటే కిందికి దిగితే అడాప్టరు మార్చాల్సిందే. పది సెకన్లు చాలు, రెసిస్టరు వేడెక్కి చెయ్యి కాలుతుంది. అడాప్టరు మాత్రం విప్పొద్దు. లోపల 300 వోల్టులు దాటి నిలవ ఉండొచ్చు.

అమెరికా నుంచి తెచ్చినదైతే ముందు ఇన్‌పుట్ చదవండి. 100-240 ఉంటే సరే. 120 మాత్రమే ఉంటే మన 230కి తట్టుకోదు. కన్వర్టర్ పిన్ను ప్లగ్గు ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు.

కొత్తది కొంటే వోల్టులూ, ప్లస్ మైనస్ బొమ్మా అవే ఉండాలి. ఆంపియర్లు ఎక్కువైనా ఫరవాలేదు. వైరు ఉయ్యాలకి మూడడుగుల దూరంలో ఉంచండి.

అభ్యాసం: ఇంట్లో ఉన్న గుండ్రటి పిన్ను 5 వోల్టుల, 1 ఆంపియరు అడాప్టర్లన్నీ పోగుచేసి, ఒక్కోదాన్ని ఉత్తినే ఒకసారి, లోడుతో ఒకసారి కొలిచి రాయండి. ఆ పట్టిక దగ్గరుంటేనే వచ్చే వారం బ్యాటరీ పాఠం మొదలుపెట్టండి.