జంట నక్షత్రాల ద్రవ్యరాశి తేడాగా వస్తోందా? ముందు దూరాన్ని అనుమానించండి

సూత్రం చిన్నదే. కక్ష్య అర్ధ దీర్ఘాక్షాన్ని (దీర్ఘవృత్తం పొడవాటి వ్యాసంలో సగాన్ని) భూమి-సూర్యుల దూరాల్లో తీసుకుని ఘనం చేయాలి, ఏళ్లలో ఉన్న ఆవర్తన కాలం వర్గంతో భాగించాలి. రెండు నక్షత్రాల మొత్తం ద్రవ్యరాశి సూర్యుడి లెక్కలో వచ్చేస్తుంది. సిరియస్‌నే తీసుకోండి: ఆకాశంలో అర్ధ దీర్ఘాక్షం 7.5 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను), పారలాక్స్, అంటే భూమి కక్ష్య వల్ల నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం, దూరాన్ని చెప్పేది, 0.379. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే అర్ధ దీర్ఘాక్షం 19.8. కాలం 50.1 ఏళ్లు. మొత్తం 3.1 సూర్యులు.

మొత్తం నమ్మలేనంత ఎక్కువ లేదా తక్కువ

పైలెక్కలో పారలాక్స్ 0.36 అని వేసి చూడండి. 5 శాతం తేడాకే మొత్తం 3.6కి ఎగబాకుతుంది, ఎందుకంటే దూరం ఘనమవుతోంది. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. గయా (నక్షత్రాల దూరాలు కొలిచిన అంతరిక్ష టెలిస్కోప్) మామూలు జాబితా ప్రతి చుక్కనీ ఒంటరి నక్షత్రంగానే లెక్కిస్తుంది. జంట ఊగిసలాట పారలాక్స్‌లో కలిసిపోతుంది. కాబట్టి ముందు ఆ జాబితాలో రూవే (RUWE) విలువ చూడండి, ఒంటరి నక్షత్రం లెక్క ఎంత సరిగ్గా కుదిరిందో అది చెబుతుంది. 1.4 దాటితే ఆ పారలాక్స్‌ను అలాగే వాడొద్దు. 2022 జూన్ విడుదలలో జంటలకు వేరే పట్టికలున్నాయి, అక్కడ వెతకండి. బాగా ప్రకాశవంతమైన వాటికి గయా పనికిరాదు. ఆల్ఫా సెంటారీకి గయా కంటే ముందటి ఉపగ్రహం హిప్పార్కస్ డేటా మొదటి లెక్కలో 0.742 వచ్చింది, 2007లో మళ్లీ లెక్కిస్తే 0.755. ఆ కాస్త తేడాకే ద్రవ్యరాశి 5 శాతం మారిపోతుంది!

ఒక్క కొలత బిందువు కక్ష్యకు అవతలి పక్కన పడింది

రెండు నక్షత్రాలూ ఒకే వెలుగులో ఉంటే ఏది ఏదో తారుమారవుతుంది. పొజిషన్ యాంగిల్‌కు (ఒక నక్షత్రం నుంచి రెండోది ఏ దిక్కున ఉందో ఉత్తరం నుంచి కొలిచే కోణానికి) 180 డిగ్రీలు కలపండి, చాలు.

మీ కొలతలన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి

కెమెరా వంకరగా ఉంది. టెలిస్కోప్ మోటార్ ఆపి నక్షత్రాన్ని ఫ్రేమ్‌లో జారనివ్వండి. ఆ గీతే తూర్పు-పడమర.

మీ కొలతలకు కక్ష్యలు ఎన్నో సరిపోతున్నాయి

కక్ష్యలో చిన్న ముక్కే కొలిచారు. కాలాన్ని నమ్మకండి. అర్ధ దీర్ఘాక్షం, కాలం కలిసి మారతాయి కాబట్టి ద్రవ్యరాశి మాత్రం కొంచెం నిలకడగా ఉంటుంది. రెండు నక్షత్రాలూ దగ్గరగా వచ్చే ఏళ్లలో కొలతలు దట్టంగా తీయండి.

కొలతకూ లెక్కించిన కక్ష్యకూ మిగిలిన తేడాల్లో అల కనిపిస్తోంది

మూడో వస్తువు దొరికిందని తొందరపడకండి. 1855లో మద్రాసు అబ్జర్వేటరీ నుంచి కెప్టెన్ జాకబ్ 70 ఓఫియుకి జంటలో కనపడని గ్రహం ఉండొచ్చన్నాడు. అది నిలవలేదు. 1844లో సిరియస్ ఊగిసలాట చూసి ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ చెప్పిన తోడు మాత్రం 1862లో కంటికి కనిపించింది. వేరే పరికరం కొలతల్లోనూ, రేడియల్ వేగాల్లోనూ (వర్ణపటం గీతల జరుగుడుతో తెలిసే, మనవైపు లేదా మననుంచి దూరంగా సాగే వేగాల్లోనూ) అదే అల రావాలి.

విడివిడిగా ద్రవ్యరాశులు రావడం లేదు

ఒకదాని చుట్టూ ఇంకొకటి తిరిగే కక్ష్య మొత్తాన్నే ఇస్తుంది. వెనక నక్షత్రాలతో పోల్చి రెండూ ఎంతెంత ఊగుతున్నాయో కొలవాలి: ఎక్కువ ఊగేది తేలిక. సిరియస్ 3.1లో వాటాలు 2.06, 1.02గా తేలింది అలాగే. వర్ణపటంలో రెండింటి గీతలూ కలిసిపోతే వేగాలు తక్కువగా కనిపిస్తాయి, ద్రవ్యరాశులు ఇంకా తగ్గిపోతాయి; గీతలు బాగా విడిపోయిన రాత్రుల స్పెక్ట్రాలనే వాడండి.