విల్లో పుల్లలతో బుట్ట – 3వ పాఠం: అడుగుభాగం

పోయిన పాఠంలో నానబెట్టిన విల్లో (సులువుగా వంగే సన్నని కొమ్మలుండే చెట్టు) పుల్లలు ఈపాటికి సిద్ధమై ఉంటాయి. బెరడుతో ఎండినవైతే 4 అడుగుల పుల్లకు సుమారు 4 రోజులు అన్నాం కదా. నీళ్లలోంచి తీశాక ఒక రాత్రి తడిగుడ్డలో చుట్టి ఉంచండి. సన్నని కొసను వేలికి చుట్టి చూడండి. చిట్లితే ఇంకొంచెం నానాలి.

ముందుగా పెన్సిల్ లావు పుల్లలు ఆరు, ఒక్కోటి 22 సెం.మీ. పొడవున కత్తిరించండి. మూడింటికి సరిగ్గా మధ్యలో చాకు మొన గుచ్చి, కాస్త తిప్పి చీలిక చెయ్యండి. పుల్లను చేతిలో పట్టుకుని మాత్రం గుచ్చకండి, చెక్క మీద పెట్టండి. ఆ చీలికల్లోంచి మిగతా మూడు పుల్లలు దూరిస్తే కూడిక గుర్తు వస్తుంది. లావు చివర, సన్న చివర ఒకటి అటు, ఒకటి ఇటు వచ్చేలా మార్చి మార్చి పేర్చండి. లేకపోతే ఒక పక్క బరువెక్కుతుంది.

ఇక అల్లిక. సన్నని పొడుగు పుల్లలు రెండు తీసుకుని, వాటి కొసలు చీలికలో దోపండి. ఎడమవైపున్న పుల్లను ఒక గుత్తి (కూడిక గుర్తులో ఒక్కో వైపున్న మూడు పుల్లలు) ముందుగా, తర్వాతి గుత్తి వెనకగా తీసుకెళ్లి మళ్లీ ముందుకు లాగండి. ఇప్పుడు ఎడమవైపుకి వచ్చింది రెండోది. దానికీ అదే పని. ఇలా రెండు చుట్లు, బిగించి లాగుతూ.

మూడో చుట్టులో గుత్తులు విడదీయాలి. అసలు కష్టం ఇక్కడే. పన్నెండు చివరలూ గడియారం అంకెల్లా సమాన దూరంలో నిలవాలి. విడదీసే ఈ చుట్టులోనే బలంగా వంచి సర్దండి, తర్వాత కదలవు.

అల్లుతున్నంతసేపూ పుల్లల చివరలను మీ నుంచి అవతలికి కొద్దిగా నొక్కుతుండండి. మధ్యభాగం కాస్త గుమ్మటంలా లేస్తుంది. బుట్టను ఆ ఉబ్బు లోపలికి వచ్చేలా పెడితే అంచు మీద కుదురుగా నిలబడుతుంది. నా మొదటి బుట్టకు ఈ సంగతి తెలియక చదునుగా అల్లాను. ఆరాక మధ్యలో కిందికి పొంగి, బొంగరంలా ఊగేది. మడిచిన కాగితం కింద పెట్టి చాలాకాలం నెట్టుకొచ్చాను.

పుల్ల అయిపోతే లావు చివరకు లావు చివరే అతకండి. అప్పుడు చివరి చుట్టు సన్నని కొసలతో ముగుస్తుంది. వాటిని కింది వరుసలో దోపి, పొడుచుకొచ్చిన చివరలు కత్తిరించండి.

వచ్చే పాఠంలో గోడలకు, ఈ పన్నెండు చివరల్లో ఒక్కోదానికి రెండు చొప్పున 24 నిలువు పుల్లలు కావాలి. 5 అడుగులవైతే ఈరోజే నీళ్లలో వేసేయండి.