మేపుల్ పాస్ లూప్ ఏ వైపు నుంచి ఎక్కాలి?

సియాటిల్, బెల్‌వ్యూ వైపు ఉండేవాళ్లు ఈ వేసవిలో నార్త్ కాస్కేడ్స్ పర్వతాల్లోని మేపుల్ పాస్ అనే కనుమకు వెళ్తుంటే ఒక్క మాట. బయల్దేరిన చోటికే తిరిగొచ్చే ఈ లూప్ దారి దాదాపు 7.2 మైళ్లు, ఎక్కాల్సింది 2,000 అడుగులు. రెయినీ పాస్ దగ్గర బయల్దేరేటప్పుడు లేక్ ఆన్ అనే చెరువు వైపు దారే పట్టండి, అంటే గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరగండి. ఇటు నుంచి ఎక్కుడు నెమ్మదిగా పెరుగుతుంది. మొదట అడవి నీడ, తర్వాత లేక్ ఆన్, హెదర్ పాస్, చివరికి మేపుల్ పాస్. కొండ అంచు మీద నిలబడి కిందికి చూస్తే, ఇందాక పక్కనుంచి వచ్చిన చెరువే నీలం గిన్నెలా కనిపిస్తుంది. ఆ చూపు కోసమే నేను మళ్లీ మళ్లీ వెళ్తాను.

అవతలి వైపు దిగుడు బాగా నిటారు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు, చేతికర్రలు తప్పకుండా పెట్టుకోండి. వాళ్లకు లేక్ ఆన్ దాకా వెళ్లి వెనక్కి రావడం కూడా మంచి రోజే.

జూలైలో కూడా పైన మంచు ఉండొచ్చు. మంచు అంచు మీదికి మాత్రం వెళ్లకండి, కింద నేల ఉండకపోవచ్చు. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. దారిలో వచ్చే మార్బుల్‌మౌంట్ ఊళ్లోనే కారుకి గ్యాస్ నింపుకోండి. పార్కింగ్‌కు నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ అనే పర్మిట్ కావాలి.