ఫారంలో జిల్లాల డ్రాప్‌డౌన్ పాతబడకుండా ఎలా చూసుకోవాలి?

తెలంగాణలో 2016 దసరాకి 10 జిల్లాలు కాస్తా 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కూడా వచ్చి 33కి చేరాయి. ఆంధ్రలో 2022 ఏప్రిల్ 4న 13 పోయి 26 వచ్చాయి. మీ ఫారంలో మాత్రం పార్వతీపురం మనిషి ఇంకా విజయనగరమే ఎంచుకోవాల్సి వస్తోందంటే, ఎవరో ఆ పేర్లను నేరుగా ప్రోగ్రామ్ కోడ్‌లో టైప్ చేసి వదిలేశారన్నమాట.

ముందు ఆ జాబితాని కోడ్‌లోంచి తీసి డేటాబేస్‌లో ఒక టేబుల్‌గా పెట్టండి. జిల్లా కోడ్, పేరు, రాష్ట్రం, చూపించే క్రమం, యాక్టివ్ (ఇప్పుడు వాడుకలో ఉందా లేదా) అనే కాలమ్స్ చాలు. జిల్లా కోడ్ నంబర్లు మీరు సొంతంగా కల్పించక్కర్లేదు, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకీ ఒకటి ఉంటుంది, అదే వాడండి. దరఖాస్తులో సేవ్ అవ్వాల్సింది ఈ కోడే, పేరు కాదు.

తర్వాత, ఫారం తెరిచిన ప్రతిసారీ ఆ టేబుల్‌నే చదవాలి. జాంగోలో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) చాలామంది ఇక్కడే దొరికిపోతారు: ఫారం క్లాస్‌లో ఛాయిసెస్‌కి, అంటే ఆప్షన్లు ఇచ్చే చోట, నేరుగా లిస్ట్ ఇస్తే అది సర్వర్ మొదలైనప్పుడు ఒక్కసారే తయారవుతుంది, అడ్మిన్‌లో కొత్త జిల్లా చేర్చినా రీస్టార్ట్ చేసేదాకా కనిపించదు. లిస్ట్ బదులు ఫంక్షన్ ఇవ్వండి, లేదా ఆప్షన్లను టేబుల్ నుంచే తెచ్చుకునే మోడల్‌ఛాయిస్‌ఫీల్డ్ వాడండి. చదివిన జాబితాని తాత్కాలికంగా దాచే క్యాష్ (cache) పెట్టుకుంటే టేబుల్ మారగానే అది చెరిగిపోయేలా చూడండి.

ఇక పాత రికార్డులు. అసలు తలనొప్పి ఇక్కడే.

పాత జిల్లాని ఎప్పుడూ డిలీట్ చేయొద్దు, యాక్టివ్ అన్నది తీసేయండి చాలు. కొత్త దరఖాస్తుల్లో అది కనిపించదు, పాత దరఖాస్తు తెరిస్తే మాత్రం దాని పక్కన ‘పాతది’ అని రాసి చూపించాలి. పేరు మారడం, విడిపోవడం రెండూ ఒకటి కాదు. పేరొక్కటే మారితే అదే వరుసలో దిద్దండి. విడిపోతే కొత్త వరుసలు చేర్చండి, అంతేగానీ పాత తూర్పుగోదావరి వాళ్లందరినీ మీరే కాకినాడలోకి తోసేయకండి, వాళ్లలో కోనసీమ వాళ్లు ఉంటారు, రాజమండ్రి వాళ్లూ ఉంటారు. మండలం ఉంటే దాన్నిబట్టి మార్చండి, లేకపోతే వాళ్లు మళ్లీ లాగిన్ అయినప్పుడు అడగండి. వరంగల్ సంగతి ఇంకా గమ్మత్తు: 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. పేరు మాత్రమే దాచుకుని ఉంటే 2016కి ముందు రాసిన ‘వరంగల్’, ఇప్పటి ‘వరంగల్’ మీ డేటాలో ఒకటే అయిపోతాయి!

చిన్నవి కొన్ని ఉన్నాయి. మొదటి ఆప్షన్ ‘జిల్లా ఎంచుకోండి’ అని ఖాళీగా ఉండాలి, లేదంటే తెలంగాణలో సగం మంది ఆదిలాబాద్ వాళ్లే అని మీ రిపోర్ట్ చెబుతుంది. జిల్లా మార్చగానే కింద మండలం కూడా ఖాళీ అవ్వాలి. పొద్దున తెరిచిన ట్యాబ్‌లోంచి సాయంత్రం సబ్మిట్ చేసేవాళ్లు ఉంటారు కాబట్టి, వచ్చిన కోడ్ ఇంకా యాక్టివ్‌గా ఉందో లేదో సర్వర్‌లో కూడా చూసుకోండి. ఒక్క మినహాయింపు: పాత దరఖాస్తులో ముందునుంచీ ఉన్న జిల్లాని అలాగే వదిలేస్తే మాత్రం ఎర్రర్ ఇవ్వకూడదు.

అంతా అయ్యాక ఒక పాత దరఖాస్తు తెరిచి, ఏమీ ముట్టుకోకుండా సేవ్ నొక్కండి. జిల్లా మారినా, ఖాళీ అయినా ఇంకా పని మిగిలినట్టే.