గిట్‌లో మెర్జ్, సబ్‌వర్షన్‌లో ట్రంక్: రెండూ కలిసిన తీరు

మా ఆఫీసులో అసలు కోడ్ సబ్‌వర్షన్‌లోనే ఉంది. గిట్‌లాగే అదీ కోడ్ మార్పుల చరిత్రను దాచే సాధనం, అందులో ప్రధాన బ్రాంచ్‌ని ట్రంక్ అంటారు. నేను ఈ రెంటినీ కలిపే గిట్-ఎస్‌వీఎన్ పెట్టుకుని గిట్‌లో పనిచేస్తాను. ఒకసారి రిలీజ్ బ్రాంచ్‌ని మాస్టర్‌లోకి (గిట్‌లో నా ప్రధాన బ్రాంచ్) మెర్జ్ చేశాక, అంటే కలిపాక, అలవాటుగా ముందు డీకమిట్‌ని (గిట్ మార్పులను సబ్‌వర్షన్‌కి పంపే కమాండ్) డ్రై-రన్‌తో, అంటే నిజంగా పంపకుండా ఏం జరుగుతుందో మాత్రమే చూపేలా, నడిపాను. 'కమిటింగ్ టు' అన్న మొదటి లైన్‌లో ట్రంక్ చిరునామా లేదు, రిలీజ్ బ్రాంచ్‌ది ఉంది! అదే పంపేసి ఉంటే టీమ్ అందరికీ టెన్షనే.

కారణం ఫాస్ట్-ఫార్వర్డ్. బ్రాంచ్ తీశాక ట్రంక్‌లో కొత్త కమిట్‌లేవీ (నమోదైన మార్పులు) పడలేదు, అందుకే గిట్ మెర్జ్ కమిట్ సృష్టించకుండా మాస్టర్‌ని నేరుగా బ్రాంచ్ కొసకు జరిపేసింది. డీకమిట్ ఎక్కడికి పంపాలో తెలుసుకునేది మన బ్రాంచ్ పేరు చూసి కాదు. మొదటి పేరెంట్ (కమిట్‌కి ముందున్న కమిట్; మెర్జ్‌కి ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి) దారిలో వెనక్కి వెళ్తూ, కమిట్ సందేశంలో దొరికే గిట్-ఎస్‌వీఎన్-ఐడీ లైన్ (ఆ కమిట్ సబ్‌వర్షన్‌లో ఏ చిరునామాదో చెప్పేది) చూసి. ఇక్కడ ఆ దారే మారిపోయింది.

మాస్టర్‌ని రీసెట్‌తో ట్రంక్ దగ్గరికి తెచ్చి, ఈసారి ఫాస్ట్-ఫార్వర్డ్ వద్దని చెప్పే నో-ఎఫ్‌ఎఫ్ ఆప్షన్‌తో మెర్జ్ చేశాను. మొదటి పేరెంట్ ట్రంక్ అయింది, డ్రై-రన్ సరైన చిరునామా చూపించింది.

ఇంకో చిక్కుంది. 1.5 వెర్షన్ నుంచి సబ్‌వర్షన్ మెర్జ్‌ల లెక్కను ఎస్‌వీఎన్:మెర్జ్‌ఇన్ఫో అనే ప్రాపర్టీలో రాసుకుంటుంది. గిట్-ఎస్‌వీఎన్ తనంతట తాను దాన్ని నింపదు. అందుకని అది నింపేలా కాన్ఫిగ్‌లో ఎస్‌వీఎన్.పుష్‌మెర్జ్‌ఇన్ఫో ఆన్ చేశాను. అయితే బ్రాంచ్ కమిట్‌లు ముందే సబ్‌వర్షన్‌కి చేరి ఉండాలి, కాబట్టి ఇప్పుడు బ్రాంచ్‌ని డీకమిట్ చేశాకే మెర్జ్ చేస్తున్నాను.