1963 కార్వెట్ స్టింగ్ రే స్కేల్ మోడల్ ఎలా తయారు చేయాలి?

షెవర్లే 1963లో తెచ్చిన కార్వెట్ స్టింగ్ రే కూపేకి (రెండు తలుపుల, గట్టి పైకప్పు కారుకి) వెనక అద్దం రెండు ముక్కలు. పైకప్పు మీదుగా వచ్చే వెన్నుగీత ఆ రెంటి నడుమ నుంచి కిందికి దిగుతుంది. డిజైన్ అధిపతి బిల్ మిచెల్ ఆ గీత ఉండాల్సిందేనని పట్టుబట్టారు. డ్రైవరుకు వెనక సరిగా కనబడదని ఇంజనీర్ జోరా ఆర్కస్-డంటోవ్ వద్దన్నారు. 1964 మోడల్‌కి అది పోయింది. ఒక్క ఏడాదే ఉన్న ఆ గీతను రంగు కింద పూడ్చేయకుండా కాపాడటమే ఈ మోడల్‌లో అసలు పని.

1/25 స్కేలు ప్లాస్టిక్ కిట్ తీసుకోండి. దాదాపు 445 సెంటీమీటర్ల కారు 18 సెంటీమీటర్లలోపు ఒదుగుతుంది. సైడ్ కట్టర్, సన్న బ్లేడు, వాటర్ పేపర్, ప్లాస్టిక్ సిమెంట్ (ప్లాస్టిక్ అతికించే జిగురు), ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), స్ప్రే రంగు ఉంటే మొదలుపెట్టొచ్చు.

ముందుగా భాగాలన్నీ గిన్నెలు తోమే లిక్విడ్‌తో గోరువెచ్చని నీళ్లలో కడిగి ఆరబెట్టండి. జిడ్డు ఉంటే రంగు పట్టదు. ముక్కలు అంటుకుని ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి ముక్కను కోసేటప్పుడు కాస్త మొన వదిలి, తర్వాత బ్లేడుతో చెక్కండి.

బాడీ మీద అచ్చు వదిలిన సన్నని గీతలను బ్లేడు వీపుతో గీకేయాలి. ఇక్కడ తొందరపడొద్దు. బాడీ చుట్టూ నడుము ఎత్తున తిరిగే పదునైన అంచు అచ్చు గీత కాదు, అసలు కారుదే. దాన్ని అరగదీస్తే స్టింగ్ రే రూపమే పోతుంది. అసలు కారు ఫొటోలు పక్కన పెట్టుకుని చూస్తూ పని చేయండి. తలుపుల సందులను ఇప్పుడే కాస్త లోతు చేస్తే రంగు వేశాక కూడా తేటగా కనిపిస్తాయి.

రంగు విషయానికొస్తే, ముసురు పట్టిన రోజున స్ప్రే జోలికి వెళ్లకండి. గాలిలో తేమ ఎక్కువైతే లక్కర్ (త్వరగా ఆరే స్ప్రే రంగు) తెల్లగా మసకబారుతుంది. డబ్బాను కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచి బాగా ఊపండి. జానెడు కంటే కొంచెం ఎక్కువ దూరం నుంచి, బాడీకి ఒక పక్క బయట మొదలుపెట్టి రెండో పక్క బయట ఆపండి. మొదటి పూత మంచు పట్టినట్టు పలచగా చాలు. తడి రంగు అంచుల మీద నిలవదు, జారి సందుల్లో చేరుతుంది. అందుకే పలచటి పూతలే మేలు. వాటర్ పేపర్‌తో రుద్దేటప్పుడు కూడా వెన్నుగీతను, నడుము అంచును వదిలేయండి. లేకుంటే ప్లాస్టిక్ బయటపడుతుంది. ఆ ఏడాది రంగుల్లో రివర్‌సైడ్ రెడ్, డేటోనా బ్లూ ఉన్నాయి గానీ, ఈ గీతలు బాగా ఎత్తి చూపేది సెబ్రింగ్ సిల్వరే అని నా అభిప్రాయం. మెరుపు రేణువులు మాత్రం చాలా సన్నగా ఉండాలి. పెద్దవైతే బొమ్మలా కనిపిస్తుంది.

బాడీ ఆరేలోగా 327 ఘనపు అంగుళాల వీ8 ఇంజన్‌కు షెవర్లే ఆరెంజ్ వేయండి. పాత కారులా చూపాలనుకున్నా బాడీకి తుప్పు వేయకండి. అది ఫైబర్‌గ్లాస్.

అద్దాల చుట్టూ క్రోమ్ పట్టీలకు సన్నని అతికే రేకు వాడండి. టూత్‌పిక్‌తో నొక్కి, కొత్త బ్లేడుతో అంచు కోయండి. అద్దాలకు తెల్ల జిగురే వాడాలి. సూపర్ గ్లూ ఆవిరికి అవి మసకబారతాయి.

చివరగా ఛాసిస్‌ను బాడీకి బిగించే ముందు, చక్రాల జిగురు ఇంకా పచ్చిగా ఉండగానే, సమంగా ఉన్న గాజు పలక మీద పెట్టి చూడండి. నాలుగు చక్రాలూ పలకను తాకకపోతే అప్పుడే సరిచేయండి.